గ్రంథకర్త గారి లైట్‌హౌస్

కాలనీలో ఆయన్ని అందరూ గ్రంథకర్త గారనే పిలుస్తారు. పుస్తకాలు ఆయనే రాస్తారు, ఆయనే అచ్చు వేయిస్తారు, ఆయనే సంచీలో వేసుకుని ఇంటింటికీ పంచుతారు. వద్దనే అవకాశం ఎవరికీ ఇవ్వరు. గ్రంథాలయ కమిటీకి కార్యదర్శి, మొక్కలు నాటే సంఘానికి సలహాదారు, మురుగుకాలువ పోరాట సమితికి గౌరవాధ్యక్షుడు కూడా ఆయనే. కాలువ ఇంకా పొంగుతూనే ఉంది. దాని మీద ఆయన రాసిన వ్యాసాలు మాత్రం రెండో ముద్రణకు వచ్చాయి.

అసలు పేరు తెచ్చింది యాత్రల పుస్తకం. అందులోని లైట్‌హౌస్ అధ్యాయాన్ని ఆవిష్కరణ సభలో వక్తలంతా పోటీలుపడి పొగిడారు. ఇసుకలో చెప్పుల్లేకుండా నడవడం, మెలికల మెట్లెక్కడం, పైన ముసలి కాపలాదారు టీ ఇవ్వడం, సముద్రాన్ని చూసి కళ్లు చెమర్చడం... అబ్బో! నిజానికి ఆ ఊళ్లో గ్రంథకర్త గారు చూసింది లాడ్జి గది పైకప్పు. దిగీదిగగానే జ్వరం పట్టుకుంది. మంచానికి ఎదురుగా క్యాలెండరు మీద లైట్‌హౌస్ బొమ్మ ఉంది. రచయితకి ఆ మాత్రం ఆధారం చాలదా? ఈ సంగతి ఇల్లాలికి కూడా చెప్పలేదు.

ఒకరోజు కాలనీ సంఘం అధ్యక్షుడైన పళ్ల డాక్టరు సమావేశంలో ప్రకటించేశాడు.

"ఈసారి విహారయాత్ర లైట్‌హౌస్‌కేనండీ! మన గ్రంథకర్త గారే గైడు. అడుగడుగూ పుస్తకంలో రాశారుగా!"

చప్పట్లు మోగాయి. గ్రంథకర్త గారి గుండెల్లో రాయి పడింది. నడుంనొప్పి అన్నారు, గ్రంథాలయంలో చెదలు అన్నారు. ఏ పాచికా పారలేదు. పైగా ఎన్నడూ ఏ ఊరికీ వెంట తీసుకెళ్లని ఇల్లాలు ఈసారి అందరికంటే ముందే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నలుగురిలో పరువు ఎలా పోబోతోందో ఆయన దారి పొడవునా ఊహించుకున్నారు.

తీరా దిగి చూస్తే, లైట్‌హౌస్ సముద్రం మధ్యలో బండరాయి మీద ఉంది. చెప్పులతో అయినా, లేకుండా అయినా నడిచి వెళ్లే వీలే లేదు. గ్రంథకర్త గారు కళ్లు మూసుకున్నారు.

ఎవరూ ఏమీ అనలేదు. ఫొటోలు దిగారు, తెచ్చుకున్నవి తిన్నారు. బతికిపోయాననుకున్న ఆయనకి కాసేపయ్యాక కడుపు మండింది. ఉండబట్టలేక పళ్ల డాక్టరును పక్కకి లాగారు.

"పుస్తకంలో ఉన్నట్టే ఉందా డాక్టరు గారూ?"

"అచ్చు గుద్దినట్టు! ఆ రోజే చెప్పాను కదండీ, కళ్లకి కట్టారని."

"మరి నడిచి వెళ్లానని రాశానే! సముద్రంలో ఎలా నడిచానంటారు?"

"మీకేంటండీ, రచయితలు! ఎక్కడికైనా వెళ్తారు," అంటూ డాక్టరు మరో ఫొటోకి పరిగెత్తాడు.

పట్టుబడితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది ఆయనకి. ఇన్నేళ్లు మోసుకెళ్లి పంచిన పుస్తకాలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది. వెళ్లి ఒడ్డున భార్య పక్కన చతికిలబడ్డారు.

"ఒక్కరంటే ఒక్కరూ చదవలేదే."

"నేను చదివాను," అందామె, లైట్‌హౌస్ మీంచి చూపు తిప్పకుండా. "మా ఆవిడ పక్కనుంటే ఎంత బాగుండునోనని మెట్టు మెట్టుకీ అనుకున్నట్టు రాశారు. ఆ మెట్లేవో చూద్దామనే వచ్చాను."

ఆమె అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"మెట్లు లేవు, సరే. ఆ అనుకోవడమైనా ఉందా?"

ఆ వాక్యం రాసినట్టే ఆయనకి గుర్తు లేదు.