అవ్వ కంటే ముందు మూట పోయింది

ఈమధ్య మా ఇంట్లో ఒక కథ తయారైంది. "అమావాస్య పట్టింపుతో మా అవ్వ రైలు వదులుకుంది, నుమాయిష్ చూడకుండానే కళ్ళు పోగొట్టుకుంది" అని మా పిల్లలు వాళ్ళ పిల్లలకు చెబుతున్నారు. పెళ్ళిపందిట్లో నలుగురు చేరినా ఇదే కథ, ఇదే నవ్వు. చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోజు మా ఆలేరు స్టేషనులో లేరు. నేనున్నాను. అవ్వ రైలు వదులుకోలేదు. ఇది నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కడం లేదు. రాసిపెడితే ఎప్పుడో ఒకరు చదువుతారు. చదివి నిజం తెలుసుకున్నవాణ్ణే గనుక, ఆ నమ్మకం నాకుంది.

మాది నేతపని ఇల్లు. నైజాం కాలంలో నా బడి చదువు ఉర్దూలో మొదలై మధ్యలోనే ఆగింది. తెలుగు చదవడం మా ఊరి గ్రంథాలయంలో నాకు నేనే నేర్చుకున్నాను. ఒక గది, ఒక బీరువా, ఒక పొడుగు బల్ల, అంతే ఆ గ్రంథాలయం. మగ్గం దిగిన వెంటనే కాళ్ళు అటే పోయేవి. బీరువాలో ఉన్నవన్నీ చదివాను, అర్థం కానివి మళ్ళీ చదివాను. చరిత్ర, ఖగోళం, పశువైద్యం, ఏదైతేనేం. నేత వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా "బుక్కులోణ్ణి అడగండ్రి" అనేవారు. ఆ పిలుపు నాకు ఎంతో గొప్పగా ఉండేది.

అరవైలలో మొదటి సంవత్సరాలవి. మా బాపు, అంటే మా నాన్న, ఆయన తల్లి మా అవ్వ. మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో ఆమె పెట్టింది పేరు. ఆమె చూపు అప్పటికి రెండేళ్ళుగా చుట్టుపక్కల నుంచి చీకటిపడుతూ వస్తోంది. ఎదురుగా ఉన్నది కనబడేది, పక్కనున్నది కనబడేది కాదు. భువనగిరి దవాఖానలో చూపిస్తే కంటి నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని చెప్పారు. చూపు వచ్చే చలికాలం దాకా ఉంటుందా అని బాపు అడిగితే డాక్టరు అవ్వ భుజం తట్టాడు.

ఇంటికొచ్చిన ఆ సాయంత్రమే అవ్వ అడిగింది, నుమాయిష్ చూపించమని. పట్నంలో ప్రతి చలికాలం జరిగే, అప్పుడు నడుస్తున్న ఆ పెద్ద ప్రదర్శన గురించి మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అవ్వకు చెప్పిపెట్టింది. లైట్లు చుక్కల్లాగా ఉంటాయని, పిల్లల రైలు ఉంటుందని, అన్నిటికంటే పెద్దది, తాటిచెట్టు కంటే ఎత్తున తిరిగే రంగులరాట్నం ఉంటుందని.

"నేను పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి తిప్పిన రాట్నం కండెలే చుట్టె," అంది అవ్వ. "గా రాట్నం మనుషుల్ని చుడ్తదంట. గదొక్కటి చూస్త. అటెన్క కండ్లు పోతె పోనీ."

అవ్వ మా ఇంట్లో ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే బాపు వెంటనే సరే అన్నాడు. సరే అన్నాక కూర్చుని చూస్తే, పోవడానికి ఒక్క రోజు కూడా దొరకలేదు.

కారణం చెబుతాను. పెళ్ళిళ్ళ ముందరి కాలం అది. సావుకారు నూలు ఇచ్చి చీరలు తొందరపెడుతున్నాడు. మగ్గం మీద పడుగు ఉండగా ఇల్లంతా కదలడానికి లేదు. మా నేతవాళ్ళకు మగ్గం ఆగేది అమావాస్యనాడు. ఆ రోజు ఎవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు, సావుకారు కూడా అడగడు. కాని అమావాస్యనాడు ఊరు కదలకూడదన్నది అవ్వ పట్టింపు. మగ్గం ఆగే రోజు ప్రయాణం లేదు, ప్రయాణం ఉన్న రోజు మగ్గం ఆగదు. నుమాయిష్ మూసేలోపు వచ్చే అమావాస్య ఒక్కటే.

నేను నా చదువంతా బయటికి తీశాను. "అవ్వా, అమాసంటె ఏం లేదు. చంద్రుడు మనకూ సూర్యునికీ నడుమ అడ్డమొస్తడు, గంతే."

"అడ్డమొచ్చిండని నువ్వే అంటున్నవ్ గదరా. అడ్డమొచ్చినోన్ని దాటుకుంట ఎట్ల పోతం?"

బాపు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

దారి చూపింది కూడా అవ్వే. పాతకాలంలో మంచిరోజు కుదరనప్పుడు పెద్దలు పరస్థానం పెట్టేవారు. అంటే, ముందుగా ఒక మంచిరోజు చూసుకుని, ప్రయాణపు మూటను మనింట్లోంచి తీసి వేరే ఇంట్లో ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా ఆ మూట అందుకుని పోతే దోషం ఉండదు. ఒక్కటే నియమం. మూట పెట్టినాక, బయలుదేరే రోజు దాకా మన ఇంటివాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. తొక్కితే ప్రయాణం వెనక్కి వచ్చినట్టు.

మూట కట్టారు. ఒక చీర, తమలపాకుల సంచి, కొంగుకు కట్టిన పసుపు బియ్యం. మంచిరోజు చూసి అవ్వ తానే దాన్ని చంకలో పెట్టుకుని పోయి స్టేషను దగ్గర ఉండే మా చిన్నమ్మ ఇంట్లో ఉంచింది. అమావాస్యనాడు తొలి బండికి పోతాం, పోతూ పోతూ మూట తీసుకుంటాం అని చెప్పి వచ్చింది.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో పండుగలా గడిచాయి. నేను గ్రంథాలయంలో పాత పత్రికలన్నీ తిరగేసి నుమాయిష్ మీద వచ్చినవి చదివి, ఏది ఎటుంటుందో నేలమీద బొగ్గుతో గీసి చూపించేవాణ్ణి. జనంలో తప్పిపోకుండా ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. అమ్మ అందరం కొంగులు ముడివేసుకుందాం అంది.

"ఎడ్లను కట్టినట్టా?" అంది మా చెల్లెలు.

బాపు ఆలోచన అందరికీ నచ్చింది. సావుకారు నేయిస్తున్న కొత్త చీరల్లో ఎర్ర అంచు మీద పచ్చ పువ్వులు వచ్చాయి. మిగిలిన పోగులతో ఇంటిల్లిపాదికీ అదే అంచుతో భుజం మీద కండువాలు నేశాడు. "ఎంత మందిల ఉన్నా, గీ అంచు కనవడితె మనోళ్ళే. ఎన్క రాండ్రి," అన్నాడు.

ఒక్కటే మార్చుకున్నాం. తొలి బండి చీకటితో వస్తుంది. చీకట్లో అవ్వకు అడుగు పడదు. గుంటలో పడితే ఎట్లా అని అమ్మ భయపడింది. వెలుతురు వచ్చినాక వచ్చే రెండో బండికి పోదాం అనుకున్నాం. ఆ మాట చిన్నమ్మకు చెప్పడానికి మాత్రం ఎవరూ పోలేదు. గడప తొక్కకూడదు కదా. ఎట్లాగూ పోతూ ఆగేదే, తెలుస్తుందిలే అనుకున్నాం.

అమావాస్య వచ్చింది. రొట్టెలు, చింతకాయ తొక్కు గుడ్డలో కట్టుకుని, కండువాలు వేసుకుని బయలుదేరాం. అవ్వ నా చెయ్యి పట్టుకుని నడిచింది. చిన్నమ్మ ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం ఉంది.

పక్కింటామె వాకిలి ఊడుస్తూ తల ఎత్తి చూసింది. "మీరింక ఈన్నే ఉన్నరా? వాళ్ళూ నుమాయిష్ చూస్తమని తొలి బండికే పాయిరి. మీ మూట గూడ సంకల వెట్టుకొని పోయింది. మీరు టేషన్లకు నేరుగ వస్తరు, బండ్ల కలుస్తరు అన్నది."

చిన్నమ్మ తప్పు ఏమీ లేదు. వాళ్ళదీ మగ్గమే, వాళ్ళకూ అమావాస్యే సెలవు. తొలి బండికి వస్తామని చెప్పింది మేమే. చీకట్లో కనబడకపోతే వేరే డబ్బాలో ఎక్కి ఉంటామనుకుంది.

అవ్వ ముందుకు పోయి తాళాన్ని చేత్తో తడిమింది. తర్వాత అరుగు మీద కూర్చుంది. "నేను ఈడుంటి, నా పయనం ఆడికి పాయె," అంది మెల్లగా. "మనిషిని ఇడిసిపెట్టి ముందు పోయేది పానం ఒక్కటే కొడుకా."

బాపు ముఖం పాలిపోయింది. "అత్తమ్మా, గుడ్డ మూటనే గద," అంది అమ్మ. అవ్వ వినలేదు. "మీరు పోండ్రి. నేను ఈ అరుగు మీద కూసుంట." రెండో బండి వచ్చే వేళవుతోంది. చెల్లెలు ఏడవడం మొదలుపెట్టింది. అందరూ నావైపు చూశారు. నేను చదివిన వాటిలో మనిషిని వదిలి పోయిన మూట గురించి ఎక్కడా లేదు. ఎదురుగా ఉన్న పట్టాలు చూసి అన్నాను.

"అవ్వా, ఇంజను ముందు పోతది, డబ్బాలు ఎన్క పోతయ్. ఇంజను పాయెనని డబ్బాలు కూసోని ఏడుస్తయా?"

"నడుమ గొలుసుంటది గదరా."

"పట్టాలే గొలుసు. ఈన్నుంచి పట్నం దాక యాడ తెగలే."

అవ్వ పట్టాల వైపు తల తిప్పింది. "ఇది బుక్కులున్నదా?" అంది.

"లేదవ్వా. నేనే అన్న."

"గట్లయితే నమ్ముత. లే, లే, బండొస్తది!" అని అందరికంటే ముందు ఆమే లేచింది. మా పిల్లలు తెలుసుకోవలసింది ఇదే. అవ్వ లేచింది. నడిచింది. స్టేషనుకు వచ్చింది.

ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టడానికి చోటు లేదు. మా వీధివాళ్ళు, పై వీధివాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నేతవాళ్ళు, పిల్లలతో, ముసలివాళ్ళతో, రొట్టెల మూటలతో నిలబడ్డారు. సగం మంది భుజాల మీద ఎర్ర అంచు, పచ్చ పువ్వులు. సావుకారు అందరి ఇళ్ళకూ ఒకే నూలు, ఒకే అంచు ఇచ్చాడు. మిగిలిన పోగులతో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది.

బాపు అటూ ఇటూ చూసి అన్నాడు. "మనకొక్కలకే అమాస అనుకున్నం."

బండి వచ్చింది. అది జనగామ నుంచే నిండి వస్తోంది. తలుపుల్లో మనుషులు, కిటికీల్లో కాళ్ళు. ఒక డబ్బా దగ్గరికి పరుగెత్తాం, అక్కడ లేదు. ఇంకో డబ్బా. బాపు అరుస్తున్నాడు, "ముసలామె ఉన్నది, జర జాగియ్యండ్రి!" లోపల నుంచి ఎవరో, "మా దగ్గర నలుగురు ముసలోళ్ళున్నరు, ఒకర్ని దింపుకుంటవా?" అన్నారు. తలుపులో నిలబడిన ఒకాయన మాత్రం చెయ్యి చాచాడు. అవ్వ ఒక చేత్తో ఆ చెయ్యి, ఇంకో చేత్తో తలుపు పక్కన ఉన్న కడ్డీ పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. నేను వెనక నుంచి నడుము పట్టి ఎత్తుతున్నాను. పైన ఆమెకు రెండో కాలు పెట్టే చోటు లేదు. బండి కదిలింది. ఆయన రెండడుగుల దాకా చెయ్యి వదల్లేదు. "వదులు తల్లీ, పడ్తవ్," అన్నాడు. అవ్వ ఆయన చెయ్యి వదిలింది. కడ్డీ మాత్రం వదల్లేదు. ఆమె వేళ్ళు నేనే ఒక్కొక్కటిగా విడిపించాను.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో చేయడానికి ఏమీ లేకపోయింది. అమావాస్య కనుక మగ్గం ఎక్కరాదు. గ్రంథాలయానికి పోబుద్ధి కాలేదు. రొట్టెల మూట విప్పుకుని, కొత్త కండువాలు తీయకుండానే కూర్చుని తిన్నాం. బాపు ఒకసారి, "రేపు మగ్గం ఆపి పోదమా అమ్మా?" అన్నాడు. సావుకారు ఊరుకోడని ఆయనకూ తెలుసు, అవ్వకూ తెలుసు. అవ్వ "తిను కొడుకా" అంది, అంతే.

మర్నాడు చిన్నమ్మ మూట పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. మా కోసం నుమాయిష్ అంతా వెతికిందట. ఎర్ర అంచు కనబడ్డ ప్రతిచోటికీ పరుగెత్తిందట. "అత్తమ్మా, యాడ పెట్టాల్నో తెల్వక నీ మూట ఒళ్ళె పెట్టుకొనే రాట్నం ఎక్కిన," అంది.

"భయపడ్డదా?" అని అడిగింది అవ్వ.

"నేనా?"

"మూట."

చిన్నమ్మ ఏడుపు ఆపి నవ్వింది. ఆ సాయంత్రమంతా అవ్వ ఆమెను పోనివ్వలేదు. పైకి పోయినప్పుడు ఏం కనబడింది, దీపాలు ఏ రంగు, దిగేటప్పుడు కడుపులో ఎట్లుంటుంది, అన్నీ అడిగింది. అడిగేటప్పుడు మూట విప్పి ఆ చీరను మడతలు మార్చి మార్చి పెట్టింది.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి అవ్వకు పగలూ రాత్రీ తేడా మాత్రమే తెలిసేది. కండెలు వేళ్ళతో చుట్టేది, ఒక్క పోగు తెగేది కాదు. నుమాయిష్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు దండం పెట్టాలి. పేర్లు రాయను, పేర్లు రాస్తే మొహమాటపడే మనుషులు వాళ్ళు. ఎవరెవరో మావాళ్ళకు తెలుసు. పక్కింటామె అన్న మాటలను మాట పొల్లుపోకుండా గుర్తుచేసిన మా చెల్లెలికి. తన చివరి రోజుల్లో కూడా ఆ రోజు గురించి అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పిన చిన్నమ్మకు. పాత పత్రికలు ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు. పరస్థానం నియమాలు సరిచూసి చెప్పిన మా వీధి పెద్దవాళ్ళకు. బండి కదిలాక కూడా మా అవ్వ చెయ్యి వదలని ఆ పేరు తెలియని మనిషికి. ఆయన జనగామవాడో, ఇంకా అవతలివాడో, ఎన్నడూ తెలియలేదు.