సంపెంగ కోసెయ్యమంటే

యాదలక్ష్మి కక్షతో ఆ చెట్టు నరకలేదు. మా వీధిలో ఈ మాట అనేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆమె సంగతి నేనే చెప్పాలి.

ఆమెది నల్గొండ వైపు, చౌటుప్పల్ అవతల ఒక పల్లె. మొగుడు ఎల్బీ నగర్‌లో సెంట్రింగ్ పనికొస్తే వెంట వచ్చింది. ఇటుకలు మోసింది, హాస్టల్లో గిన్నెలు తోమింది. కర్మన్‌ఘాట్‌లో మా పక్కింటి ఇందిరాదేవి తోటపనికి పెట్టుకున్నాకే ఆ మొహాన నవ్వు చూశాను. ఎండిన కొమ్మకు కూడా నీళ్ళు పోసి, "జర చూద్దామమ్మా, పానం ఉన్నదేమో" అనేది. అలాంటి మనిషి పచ్చని చెట్టు మీద పగబడుతుందా?

ఇందిరాదేవిది మా వైపే, తెనాలి దగ్గర. ఏళ్ళ తరబడి పెంచిన సంపెంగ ఈ వేసవిలోనే తొలిసారి పూసింది. అయినా దాని ఆకులు డాబా మీది వాననీటి గొట్టానికి అడ్డం పడుతున్నాయని రోజూ తిట్టేది. ఒక మంగళవారం మెట్రోలోంచి యాదలక్ష్మికి ఫోన్ చేసి, "నేనొచ్చేలోగా ఆ సంపెంగ కోసెయ్యి, గుడికి వెళ్ళాలి" అంది. రైలు గోలలో గుడి మాట వినబడలేదు. మా వైపు పూలు కోస్తాం. నల్గొండ వాళ్ళు తెంపుతారు; కోయడమంటే వాళ్ళకు కత్తి పెట్టి కోయడమే. యాదలక్ష్మి ఎవరినో అడిగి రంపం తెచ్చి, చెట్టును మొదలంటా కోసి, రాలిన ఆకు కూడా లేకుండా ఊడ్చి పెట్టింది.

"చుట్టాల పెళ్ళికి సెలవివ్వలేదని కక్ష తీర్చుకుంది" అని ఇందిరాదేవి వీధంతా చాటింది. యాదలక్ష్మిని పనిలోంచి తీసేసింది. అది విని ఆమె పనిచేసే తక్కిన ఇళ్ళవాళ్ళూ రావద్దన్నారు.

మృగశిర కార్తె ముందు రోజు ఆమెను వెంటబెట్టుకుని నేనే ఇందిరాదేవి గేటు తీశాను. ఎండ చావలేదు గాని తోట విరగబూసి ఉంది. గోడ పొడుగునా ఎర్ర నూరువరహాలు, అరటి పక్కన చిలక ముక్కుల్లా వేలాడే హెలికోనియాలు, నందివర్ధనం కింద తెల్లగా రాలిన పూలు. యాదలక్ష్మి ఒక్కోదాన్నీ చూసుకుంటూ నడిచింది. దేన్నీ ముట్టుకోలేదు. చేతులు కొంగులో చుట్టుకుంది.

సంపెంగ మొద్దు దగ్గర ఇందిరాదేవి ఎదురొచ్చింది.

"ఎందుకు తీసుకొచ్చారు పిన్నిగారూ? మిగిలిన అరటి కూడా నరికిద్దామనా?"

"అరటిపండొకటి నోట్లో వేసుకో, మాటకు కాస్త తీపెక్కుతుంది. ఆ రోజు ఫోన్లో ఏమన్నావే?"

"కోసెయ్యమన్నాను. లోకమంతా అనే మాటేగా."

"మీ లోకంల అమ్మా," అంది యాదలక్ష్మి మెల్లగా. "మా తాన పువ్వు తెంపుతరు, చెట్టు కోస్తరు. గీ చెట్టుతోని పీడ అని మీరే రోజు అంటుంటిరి. నిజంగనే తీసెయ్యమన్నరనుకున్న."

ఇందిరాదేవి మందారం వైపు తిరిగి వాడిన పూలు దులిపింది. "తెలుసులే. కావాలని చేసుండవు. రేపట్నుంచి రా. కత్తి మాత్రం ముట్టకు."

గొడవ తీరిందనుకున్నాను. యాదలక్ష్మి కదల్లేదు.

"పని కోసం రాలేదమ్మా. గా మాటే గేటు కాడ నిలబడి చెప్పున్రి. కక్షతోని కొయ్యలేదని. గంతే."

"వీధిలో నిలబడి నేను చెప్పడమేమిటి? నా పరువేం కాను?"

"కక్ష అని చాటినప్పుడు ఎక్కడ నిలబడ్డావేమిటి, వంటింట్లోనా?" అన్నాను.

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుదురు గాని రండి" అని ఇందిరాదేవి లోపలికి నడిచింది.

యాదలక్ష్మి గేటు దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కుంది. వెళ్తూ వెళ్తూ గేటుకు గొళ్ళెం కూడా వేసింది.

ఇప్పుడు మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో గిన్నెలు తోముతోంది. మొన్న హనుమంతుడి గుడి దగ్గర కనబడితే, "మా ఇంట మల్లెలు పూశాయి, తెంపుకుపోదువు రా" అన్నాను. నా నోటికి అలవాటు లేని మాట, ఆమె కోసమే అన్నాను.

"వద్దమ్మా," అంది. "మీరే తెంపి ఇయ్యున్రి. నేను ముడితే మళ్ల ఎవరేమంటరో."