పడవ పక్కన తెల్ల గీత

మా రేవు పోయింది నా చేతి వల్ల. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

యానాం వైపు గోదావరి దాటించే రేవును మా అన్నయ్య వేలంలో పాడుకున్నాడు. చేపలు పట్టుకునే ఇంటివాడికి రేవు పాట దక్కడమంటే పట్టాభిషేకమే. తాలూకా బోర్డు వాళ్ళు మా పడవ పక్కన తెల్ల రంగుతో ఒక గీత గీయించారు. తాము అనుమతించినంత మంది ఎక్కాక ఆ గీత నీళ్ళలో మునగకూడదు. కొన్నాళ్ళకు, గీత మునుగుతోంది, పడవ పనికిరాదు, రేవు రద్దు చేస్తున్నామని నోటీసు పంపారు. అన్నయ్య రాజమండ్రి కోర్టుకెక్కాడు. గీత ఎన్నడూ మునగలేదన్నాడు. నిజం కూడా అదే. జనాన్ని ఎక్కించి చూసి రమ్మని కోర్టు అమీనుగారిని పంపింది.

పెద్దవాళ్ళు చూడవస్తే మా వాళ్ళు ఎండిన చెక్క చూపించరు. నూనెలో గుగ్గిలం కాచి పడవంతా పూసి, ముక్కుకు పసుపు రాసి చూపిస్తారు. అమీనుగారు వచ్చే ముందురోజు అన్నయ్య జనాన్ని పోగుచేయడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. నేను అంచు నుంచి అడుగు దాకా రెండు పూతలు పూశాను. పడవ నల్లగా నిగనిగలాడింది. గీత సంగతి నాకు తట్టనే లేదు. నా అంత మొద్దు ఈ గట్టున మరొకడు పుట్టి ఉండడు.

మర్నాడు అమీనుగారు పడవ చుట్టూ తిరిగి, గీత ఏదని అడిగారు. గుగ్గిలం గీకితే కింది రంగు కూడా ఊడి వచ్చింది. మళ్ళీ గీద్దామంటే దాన్ని బోర్డు వాళ్ళు తప్ప ముట్టకూడదు.

కావాలనే చెరిపారని బోర్డు వకీలు వాదించాడు. ఎవరు పూశారని జడ్జిగారు అడిగారు.

“నేనేనండి,” అన్నాడు అన్నయ్య. “మా తమ్ముడు ఆ రోజు ఇంట్లో లేడండి.”

నేను వెనకే నిలబడి ఉన్నాను. భయం లేదు, సిగ్గు లేదు, ఏమీ అనిపించలేదు. కేసు కొట్టేశారు.

మళ్ళీ వేలం వేస్తే రేవు దక్కించుకున్న కొత్త పాటదారు మా పడవనే కొన్నాడు, నన్నూ పనిలో ఉంచుకున్నాడు. బోర్డు వాళ్ళు వచ్చి అదే చోట మళ్ళీ గీత గీశారు. మొదటిరోజే అన్నయ్య చేపల బుట్టతో ఎక్కాడు. పడవ నిండింది. ఆయన వంగి చూశాడు. గీత నీళ్ళకు జానెడు పైనే ఉంది.

“మునగలేదురా,” అన్నాడు.

నేను తలూపి గెడ వేశాను.