పెద్దమ్మ రంగుల వరుస

మనుమరాలు కాలేజీ లెక్కల పుస్తకం ముందేసుకుని, ఇద్దరు మనుషులు ఇచ్చిన ర్యాంకులు ఒకదానితో ఒకటి ఎంత కలిశాయో తేలుస్తోంది. ర్యాంకు సహసంబంధమట. జవాబు మైనస్ ఒకటి వచ్చేసరికి "తప్పయింది తాతా" అంటూ కొట్టేయబోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ జవాబు ఒకప్పుడు మా ఇంట్లో చిన్న తుఫానే లేపింది.

నిజాం పాలన చివరి రోజులు, నేనప్పుడు చిన్నపిల్లాణ్ని. గద్వాలలో మా పెద్దనాయన చీరలు నేసేవాడు, నూలుకు రంగు వేసేది పెద్దమ్మ. ఆ యేడు ఒక చీరలో నీలం రెండు రకాలుగా తేలింది. "నీ కండ్లు మందగించినయి. ఇగ తొట్టి కాడికి రాకు, వనపర్తికెల్లి రంగేసే మనిషిని పిలిపిస్త" అన్నాడు పెద్దనాయన. ఆయన ఎన్ని తిట్టినా చెవిన వేసుకోని పెద్దమ్మ, ఆ మాటకు మాత్రం అన్నం మానేసి మూల కూర్చుంది. రంగుతొట్టి లేని ఇంట్లో తానెందుకన్నట్టు ఉంది ఆమె వాలకం.

హైదరాబాదులో చదివే చిన్నాయన సెలవులకు వచ్చి ఉన్నాడు. కొత్తగా నేర్చుకున్నది ఎవరిమీదైనా ప్రయోగించందే ఆయనకు ముద్ద దిగేది కాదు. ముదురు లేతల్లో కొద్దికొద్ది తేడా ఉన్న అయిదు నీలం చిలపలు, అంటే నూలు చుట్టలు పరిచి, పెద్దనాయననూ పెద్దమ్మనూ విడివిడిగా పిలిచి, ఒకటి నుంచి అయిదు దాకా ర్యాంకులు ఇమ్మన్నాడు. ఇద్దరి వరుసలూ పూర్తిగా కలిస్తే జవాబు ఒకటి, పొంతన లేకపోతే సున్నా దగ్గర, తలకిందులైతే మైనస్ ఒకటి అని ముందే చెప్పాడు. తేడాలను వర్గం చేసి, కూడి, సూత్రంలో వేస్తే మైనస్ ఒకటి వచ్చింది.

"చూసినవా, సున్నా కన్న కిందికి పాయె!" అన్నాడు పెద్దనాయన. పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

చిన్నాయన కాసేపు తల గోక్కుని పకపకా నవ్వాడు. "అన్నా, కండ్లు కనవడక పెడితె సున్నా కాడ్నో ఏడ్నో ఆగుతది. గింత పక్కాగ తలకిందులు కాదు. వదినా, ఒకటి దేనికిచ్చినవ్?"

"లేతదానికి. తొట్టిల ఒక్క మునకకు లేతనే వస్తది గద, ముంచినకొద్ది ముదురైతది."

కొనేవాళ్లకు ముదురు రంగు ముందు చూపించే పెద్దనాయన, ముదురుదానికి ఒకటి ఇచ్చాడు. ఎటునుంచి లెక్కపెట్టాలో చెప్పడం మా చదువుకున్న చిన్నాయన మరిచాడు. కాపురమంతా ఏ మాటకైనా ఎదురే చెప్పుకున్న ఆ ఇద్దరూ చూసింది ఒక్కటే వరుస. పెద్దనాయన లేచి వెళ్లి తొట్టికి నీళ్లు మోశాడు. ఆ చీరలో తేడా ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

చాలా ఏళ్లకు పెద్దమ్మ కళ్లు నిజంగానే మసకబారాయి. ఈసారి పరీక్ష మాటే ఎవరూ ఎత్తలేదు. పెద్దనాయన ఆమె పక్కనే పీట వేసుకుని, ఒక్కో చిలప ఆమె చేతిలో పెడుతూ రంగు చెప్పేవాడు, లేతదాని నుంచి మొదలుపెట్టి. కాలం ఆమె చూపు తీసుకుపోయింది గానీ, ఆయనను ఆమె వైపు నుంచి లెక్కపెట్టే మనిషిని చేసి పోయింది.