పరుపుల అంగట్లో బేసు పాఠాలు

ఈ ఉదయం మా ఎదురింటివాళ్ళు పాత పరుపులు విప్పించారు. ఇప్పుడు దూది ఏకడానికి విల్లు పట్టుకుని మనిషి రాడు. చిన్న బండి మీద మోటారు యంత్రం వస్తుంది. అది తిరుగుతుంటే వీధంతా సన్నటి దూది పొగలాగా లేచింది. నేను కిటికీ మూసేలోపలే మట్టీ ఎండా తలనూనే కలిసిన పాత దూది వాసన ముక్కులోకి దూరింది. వరుసగా తుమ్ములు. తుమ్ముతూనే నవ్వొచ్చింది. వంటింట్లోంచి నా భార్య, "తుమ్మొస్తే నవ్వుతారా ఎవరైనా?" అంది. "హొన్నూరప్ప గుర్తొచ్చాడు" అన్నాను. "అయితే సరే" అని తన పనిలో పడింది. మా ఇంట్లో ఆ పేరు చెబితే ఇంకో కారణం అడగరు.

నేను కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. సిరుగుప్పలో ఇల్లు. కాలేజీ రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కనుక, ఇక్కడ చెప్పబోయే మాటలు చాలావరకు విన్న రోజున రాసుకున్నవే. ఉద్యోగం నాకు నేర్పిన మొదటి సూత్రం, రిజిస్టరులో ఏ గడీ ఖాళీగా ఉండకూడదని. నీళ్ళు వదలని రోజైనా సరే ఆ గడిలో ఒక అడ్డగీత పడాలి. లేకపోతే తర్వాత ఎవరైనా అందులో ఏదైనా రాసెయ్యవచ్చు. ఆ సూత్రం నా ఒంట్లో ఎంత లోతుగా దిగిందో రిటైరైన తర్వాత గానీ తెలియలేదు.

బళ్ళారిలో ఉండే మా అమ్మాయి నాకు కాలక్షేపంగా ఉంటుందని ఒక కీబోర్డు కొనిచ్చి, తన పాత ల్యాప్‌టాప్‌లో రకరకాల వాద్యాలు వేసి పెట్టింది. హార్మోనియం మీద భజనలు వాయించిన చేతులు కనుక కీలు కొత్త కాదు. వాటన్నిటిలో నాకు పాట అడుగున మంద్రంగా మోగే బేసు గిటారే నచ్చింది. మిగతా వాద్యాలు మాట్లాడతాయి, ఇది మాత్రం తల ఊపుతున్నట్టు ఉంటుంది. దీనికోసం నిజమైన బేసు గిటారు మీద ఎవరో ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగానూ గట్టిగానూ మీటి, ఆ మీటులన్నీ రికార్డు చేసి దాచారు. మనం కీ మెల్లగా నొక్కితే మెల్లగా మీటినదీ, గట్టిగా నొక్కితే గట్టిగా మీటినదీ మోగుతాయి. కీబోర్డు ఎడమ చివర కొన్ని మూగ కీలు ఉంటాయి. వాటిని పట్టుకుని వాయిస్తే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, తీగను అరచేత్తో అణచి మీటడం వంటివి వస్తాయి. అంత సరంజామా చేతిలో ఉండగా ఇక వాయించడం ఎంత పని అనుకున్నాను.

హొన్నూరప్పను నేను మొదట చూసింది తెక్కలకోటలో, దిండ్లు కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు. అంగట్లో ఒక గోడ మీద దూది ఏకే పాత విల్లు, దాని పక్కనే నల్లటి బేసు గిటారు వేలాడుతున్నాయి. అంగడాయన వయసులో నాకంటే కాస్త పెద్ద. కానీ జుట్టుకు నిగనిగలాడే నల్లరంగు, ఒంటి మీద మెరుపు చొక్కా. "ఈ గిటారు మీదా?" అని అడిగాను.

"మరి దిండుదనుకుంటివా సార్?" అన్నాడు. "బళ్ళారి జిల్లాలో నా బేసు ఇనకుండా పెండ్లయిన జంట ఉంటే తోలక రా, మల్లా పెండ్లి చేస్తా."

ఆయన ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. హచ్చొళ్ళి నుంచి సండూరు దాకా పెళ్ళిళ్ళకూ జాతరలకూ వాళ్ళదే పాట. నేను కూడా బేసు వాయిస్తానని, కాకపోతే కంప్యూటర్లో అని, కాస్త గర్వంగానే చెప్పాను. ముందే మీటి రికార్డు చేసిన సంగతీ వివరించాను. హొన్నూరప్ప చాలా శ్రద్ధగా విన్నాడు. "అంటే ఇంగొగడు అన్నం వండి పెట్టినాడు, నువ్వు మూత తీస్తావు. బాగుండాది పని. తీసుకరాప్పా, ఆ మూత యట్ల తీస్తావో చూస్తా" అన్నాడు.

మరుసటి వారమే అన్నీ సంచిలో సర్దుకుని బస్సెక్కాను. ఒక పాటకు బేసు ముందుగానే వాయించి, కంప్యూటర్లో సరిచేసి పెట్టుకున్నాను. అటూ ఇటూ అయిన స్వరాలను తాళం గీతల మీదికి వరుసగా జరిపే సదుపాయం అందులో ఉంది. అదీ వాడాను. ప్రతి స్వరాన్నీ తర్వాతి స్వరం మొదలయ్యేదాకా లాగి, మధ్యలో వెంట్రుకవాసి సందు లేకుండా అతికించాను. హొన్నూరప్ప పరుపుల దొంతర మీద కూర్చుని పాటంతా విన్నాడు. అయిపోయాక, "సార్, ఈయప్ప ఉచ్చకు యప్పుడు పోతాడు?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు.

"పాట మొదులైనప్పట్నుంచి నిలపకుండా మోగతానే ఉండాడు గదా. రోంతసేపు చెయ్యెత్తడా?"

"ఖాళీ ఉండకూడదని అలా కలిపాను" అన్నాను.

"యాల ఉండకూడదు?"

నేను రిజిస్టరు గడుల సూత్రం చెప్పాను. ఆయన నవ్వు మొదలుపెట్టి, పరుపుల మీద వెనక్కి వాలి, చివరికి పక్క అంగడి కుట్టుమిషను ఆయనను కూడా కేకేసి పిలిచాడు. "ఓ అప్పా, రా, వచ్చి ఇను! సారు బేసులో ఖాళీ గడులకు గీతలు కొట్టినాడు!" నాకు చిన్నతనం అనిపించాలి. కానీ ఆ నవ్వులో నేనూ నవ్వాను. హెడ్ క్లర్కును ఎదురుగా నిలబెట్టి ఇలా నవ్వినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

తర్వాత గోడ మీది విల్లు దించాడు. అది వాళ్ళ నాన్నది. చిన్నప్పుడు తనూ దానితో ఇంటింటికీ తిరిగి దూది ఏకాడట. కొయ్య పిడితో తాడును గాలిలో కొట్టాడు. ధుమ్మని చాలాసేపు మోగింది. కొంచెం దూది కింద పోసి, తాడు అందులో దిగేట్టు మళ్ళీ కొట్టాడు. మోత టప్పున తెగిపోయి, దూది పువ్వులాగా లేచింది. "చూసినావా? ఉత్తగా మోగతాంటే తాడుకు దూది అందలేదని లెక్క. మోత తెగితేనే పనైనట్లు. బేసు గూడా అంతే సార్. మొదులుపెట్టేది ఎవురైనా చేస్తారు. యాడ తెంపల్లనో చూడు." ఆ దూదికి నేను తుమ్మడం మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

నేను ఆ గిటారు కూడా ఒకసారి వాయించి చూపమన్నాను. హొన్నూరప్ప ఎడమచెయ్యి నా ముందు చాపి వేళ్ళు మూయబోయాడు. సగం దూరం వచ్చి ఆగిపోయాయి. కీళ్ళు బిగుసుకుపోయాయట. ఆ సంవత్సరం నుంచే తీగ నొక్కలేకపోతున్నాడు. బళ్ళారిలో ఇంకో బేసు మనిషి ఉన్నాడు గానీ అతను పెద్ద మేళాల వెంట తిరుగుతుంటాడు, వీళ్ళకు దొరకడు. హచ్చొళ్ళి జాతర కమిటీ పెద్ద అప్పటికే కబురు పంపాడు, బేసు లేకుంటే డీజేను మాట్లాడుకుంటామని. "ఆ జాతర పోతే మిగతా ఊర్లు గూడా పోతాయి సార్. మా మేళం మూత పడతాది" అని, నవ్వు ఆపి మొదటిసారి మామూలుగా అన్నాడు. వెంటనే గొంతు మార్చి, "అందుకే నీ డబ్బా ఇన్న్యా. పనికొస్తాదేమో నేర్పుతా. కానీ మిషను మాదిరి ఇనపడితే నేనే స్టేజీ ఎక్కి వైరు పీకుతా. ఇప్పుడే చెప్తాండా" అన్నాడు.

అలా నేను అరవై దాటిన తర్వాత శిష్యుణ్ణి అయ్యాను. వారానికి రెండుసార్లు తెక్కలకోట బస్సు. కండక్టరు నా సంచి చూసి, "ఏంది సార్, ఇంకా ఆఫీసు ఫైళ్ళేనా?" అనేవాడు. ఒక రోజు నేను కింది స్వరం నుంచి ఎక్కడో పైనున్న స్వరానికి చటుక్కున దూకే వరుస వాయించాను. నాకది ఘనంగా వినిపించింది. హొన్నూరప్ప చెయ్యెత్తి ఆపి, "నీ బేసాయనకు ఎన్ని చేతులుండాయి సార్?" అన్నాడు. గిటారు దించి నా ఒళ్ళో పెట్టి, అదే వరుస దాని మీద వాయించమన్నాడు. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు జరిగేలోపల పాట వెళ్ళిపోయింది. "ఆ దూరం నడిచే టైము ఇయ్యప్పా చేతికి. ల్యాకుంటే దగ్గిరున్న తీగ మీదనే ఇంగో దోవ చూసుకో." ఆ రోజు నుంచి ఏ వరుస కట్టినా ముందు ఆ గిటారు ఒళ్ళో ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి. వేళ్ళు అందని స్వరాలు వాటంతటవే రాలిపోయేవి.

ఆయన చెప్పిందల్లా నిజం కాలేదు. మేళంవాళ్ళు సొంతంగా కట్టుకున్న నెమ్మది పాట ఒకటి ఉంది. అందులో రెండో చరణానికి ముందు హొన్నూరప్ప ఒక స్వరాన్ని నేరుగా పట్టుకోకుండా, కింది నుంచి జారుకుంటూ కొంచెం ఆలస్యంగా ఎక్కేవాడు. పాత టేపులో విన్నాను. ఆ జిల్లాలో ఆ జారుడు తెలియనివాళ్ళు లేరు. "అది మాత్రం నీ డబ్బాలో రాదు. జారేది మనిసి చెయ్యి. కీ యట్ల జారతాది?" అన్నాడు. నేను ఎడమచేత్తో మూగ కీ పట్టుకుని, కుడిచేత్తో రెండు స్వరాలు కలిపి వాయించాను. హొన్నూరప్ప పరుపుల మీంచి ముందుకు వంగాడు. "మల్లా వాయించు" అన్నాడు. మళ్ళీ, మళ్ళీ. పరుపు కొనడానికి వచ్చిన ఇద్దరిని "సాయంత్రం రాండప్పా, ఉత్తగ గలాట చేయొద్దండి" అని పంపేశాడు. టీ తెప్పించాడు. అంతవరకూ నా టీ నేనే తెప్పించుకునేవాణ్ణి.

అసలు కష్టం డ్రమ్ముల బసవతో వచ్చింది. బసవ ఆ మేళంలో మొదటి నుంచీ ఉన్నవాడు. పెద్దగా మాట్లాడడు. అంగట్లోనే చేసే రిహార్సల్లో మేమిద్దరం కలిసి వాయిస్తే రెండు ఎడ్లు చెరో దిక్కు లాగినట్టు ఉంది. నేను కాలును తాళానికి కచ్చితంగా ఆడిస్తున్నాను, తప్పు బసవదే అన్నాను. బసవ కర్రలు కింద పెట్టి, "ఈయప్ప నాతో వాయిస్తాండాడా, గడియారంతో వాయిస్తాండాడా?" అని హొన్నూరప్పను అడిగాడు. హొన్నూరప్ప నా కుర్చీని ఈడ్చుకుపోయి డ్రమ్ముల పక్కన వేశాడు. "తాళం సంగతి మర్చిపో. బసవ కుడికాలు చూడు. ఆ కాలు యాడ పడితే నీ వేలు ఆడ పడల్ల. వాడు తాళానికి రోంత ఎనక్కి కూసుంటే నువ్వూ కూసో." గంటసేపు ఒక మనిషి పాదాన్నే చూస్తూ వాయించడం నా జీవితంలో అదే మొదలు. సాయంత్రానికి ఆ కాలు పడబోతోందని నా వేలికి ముందే తెలియసాగింది. బసవ నా వైపు చూడకుండానే, "ఇప్పుడు కలిసినాడు" అన్నాడు.

జాతర రోజున హొన్నూరప్ప స్టేజీ ఎక్కనన్నాడు. జనంలో కూర్చుని వింటేనే నిజం తెలుస్తుందట. పైగా వైరు ఎక్కడుందో బాగా చూసిపెట్టుకున్నానని నాకు వినబడేట్టు చెప్పాడు. కమిటీ పెద్ద ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు మొదటి రెండు పాటలూ గుర్తులేవు. బసవ పాదం ఒక్కటే గుర్తుంది. నెమ్మది పాట వచ్చింది. రెండో చరణానికి ముందు ఆ జారుడు వాయించాను. జనంలోంచి ఈలలు లేచాయి. ఏం జరిగిందో పాట అయ్యాక హొన్నూరప్పే వచ్చి, గొంతులు మార్చి నటించి చూపాడు. మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చున్న ఆయన వీపు మీద ఒక అవ్వ చరిచిందట. "ఏమిరా హొన్నూరా, నువ్వు ఈడ కూసోని తింటాండావు, ఆడ వాయించేది ఎవురు?" "మా సారు అవ్వా." "అబద్దాలు చెప్పొద్దు. ఆ ఎక్కుడు నీది. నా కొడుకు పెండ్లిలో ఇన్న్యా. టేపు పెట్టి మోసం చేస్తాండావా?"

కమిటీ పెద్ద స్టేజీ వెనక్కి వచ్చి, వచ్చే జాతరకు మీరే రావాలని హొన్నూరప్ప చేతిలో ఆకూ వక్కా పెట్టాడు. ఆకూ వక్కా పెడితే మాట ఖాయమైనట్టే. బసవ ఆ రాత్రి నాకు తన పళ్ళెంలోంచి ఒక లడ్డు తీసి ఇచ్చాడు. హొన్నూరప్ప ఊగిపోతూ పాటగాళ్ళందరికీ అవ్వ కథ మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అవ్వ ఇంకాస్త గట్టిగా చరిచింది.

కానీ తర్వాతి పాఠానికి వెళ్ళేసరికి ఆయన మొహం వేరుగా ఉంది. "ఆ జారుడు తీసెయ్ సార్" అన్నాడు.

"అందరికీ నచ్చిందే అది కదా!"

"హౌదు, నచ్చింది. అది నాది." ఉంగరపు వేలు చూపించాడు. చిన్నప్పుడు విల్లు తాడు తెగి తగిలిన గాయంతో ఆ వేలు అప్పుడే సగం చచ్చిందట. "ఆ స్వరానికి ఈ వేలు నేరుగా అందదు. అందక పక్క వేలితో కింద పట్టుకోని జారినా. జనం అబ్బా అన్నారు, నేనూ అబ్బా అనుకున్యా. నీకు వేళ్ళన్నీ బాగుండాయి గదా, నువ్వు యాల జారల్ల? నాకు చేతగానిదాంట్లో పుట్టిందప్పా అది. నీకు చేతగానిది ఏముండాదో ఎతుక్కో పో."

ఇంటికి వచ్చి ఆ చోట ఎన్నో రకాలు ప్రయత్నించాను. రెండు స్వరాలు, మూడు స్వరాలు, అణచిన మీటు, పై నుంచి దిగడం. అన్నీ బాగానే ఉన్నాయి, ఏదీ నాది కాదు. నాకు చేతకానిదేదో మా ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు. చివరికి ఒక రోజు రిహార్సల్లో ఆ చోటు రాగానే చేతులు రెండూ కీల మీంచి ఎత్తేశాను. అంతసేపూ బసవ కాలు ఒక్కటే మోగింది. తర్వాత చరణంలోకి దిగాను. పాట అయ్యాక బసవ ఏదో పాడైందనుకుని వైర్లు చూడబోయాడు. హొన్నూరప్ప మాత్రం పరుపుల మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేంతగా నవ్వుతున్నాడు. "గడి ఖాళీగా ఇడిసినాడురో! సారు గడి ఖాళీగా ఇడిసినాడు!"

పోయిన వానాకాలంలో హొన్నూరప్ప పోయాడు. మేళం నడుస్తోంది, హచ్చొళ్ళి జాతర మాదే. ఆ నెమ్మది పాట వాయించిన ప్రతిసారీ, రెండో చరణానికి ముందు నా జీవితకాలపు అలవాటు వేలిని కిందికి లాగుతుంది. ఇప్పటికీ అది నాకు కష్టమే. నేను ఎత్తి పట్టుకుంటాను. బసవ కాలు పడనిస్తాను. ఆ తర్వాతే దిగుతాను.