ఇరవై ఐదు నిమిషాల అక్కయ్య

పొద్దున తొమ్మిదింటికి షాపు తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం ఆరింటికి మూసేదాకా అక్కయ్య ఏ పనీ ఇరవై ఐదు నిమిషాలకు మించి చెయ్యదు. నాలుగేళ్లుగా ఇదే వరస. భోజనమైనా, కబుర్లైనా, చివరికి కోపమైనా అంతే. ఓసారి మరదలు షాపుకొచ్చినప్పుడు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అసలు ఘాటైన మాట అక్కయ్య నోటి చివరికొచ్చిన సమయానికి మెళ్లో గంట మోగింది. "ఉండు, మిగతాది వచ్చి చెప్తాను" అని లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపిందో మర్చిపోయింది. మరదలు గుర్తుచెయ్యలేదు.

మెళ్లో గంటంటే ఏమో అనుకునేరు. వంటింట్లో వాడే టైమరు. నిమ్మకాయంత ఉంటుంది. దానికో పురికొస తాడు కట్టి మెళ్లో వేసుకుంటుంది. అది గర్రుమనగానే అక్కయ్య ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా, లేచి లోపలి గదిలో మూలనున్న పాత కంప్యూటరు దగ్గరికి వెళ్లి ఒక మీట నొక్కుతుంది. మళ్లీ టైమరు తిప్పుకుంటుంది. ఆ మీట పేరు "తర్వాత".

అక్కాతమ్ముళ్లది చెవి మిషన్ల షాపు. ముందు గదిలో కౌంటరు దగ్గర తమ్ముడు కూర్చుని అమ్ముతాడు. లోపల, చప్పుడు దూరకుండా గోడలకు మెత్తలు కుట్టిన చిన్న గదిలో, అక్కయ్య కూర్చుని ఆ మిషన్లను చెవులకు సర్దుతుంది. మిషన్ను తీగతో కంప్యూటరుకు తగిలించి, ఎవరి చెవికి ఏ శబ్దం పెంచాలో, ఏది తగ్గించాలో చూసి మార్చడం ఆవిడ పని. ఆ పనిలో ఆవిడ చెయ్యి గొప్పదని ఊరంతా అంటుంది. ఊళ్లో చాలామంది ఆ మాట వినగలుగుతున్నది కూడా ఆవిడ వల్లే.

పేచీ అంతా కంపెనీతో. మిషన్లు చేసేదీ, సర్దే ప్రోగ్రాం ఇచ్చేదీ ఒకే పెద్ద కంపెనీ. దాని నినాదం "మేం వింటున్నాం". నాలుగేళ్ల కిందట ఒకరోజు షాపులో ఉన్న నాలుగు కంప్యూటర్ల మీదా ఒకేసారి పూలగుత్తి బొమ్మతో ఒక ప్రకటన వచ్చింది: "మిమ్మల్ని మరింత బాగా వినాలన్నదే మా తపన. అందుకే మీ పాత ప్రోగ్రాంకి ప్రేమగా వీడ్కోలు పలుకుతున్నాం." కింద రెండే మీటలు. ఒకటి "ఇప్పుడే", రెండోది "తర్వాత".

అక్కయ్య కళ్లజోడు తుడుచుకుని తెరంతా వెతికింది. "ఒరేయ్, వద్దు అనడానికి చోటే పెట్టలేదేమిట్రా" అంది.

అరగంటలో ఏదీ నొక్కకపోతే "మీ మౌనాన్ని సమ్మతిగా స్వీకరించాం, ధన్యవాదాలు" అని కంప్యూటరు దానంతటదే కొత్తదిగా మారిపోతుంది. మూడు కంప్యూటర్లు అలాగే మారిపోయాయి. నాలుగోది మాత్రం అక్కయ్య పట్టుకుంది. ఒక అయిదు నిమిషాలు జాగ్రత్తకి వదిలి, ఇరవై ఐదుకి టైమరు పెట్టింది. ఇంటర్నెట్ తీగ పీకెయ్యకూడదా అని తమ్ముడు అడిగాడు. తీగ లేకపోతే ఆ ప్రోగ్రాం తెరుచుకోదట, తెరవడానికి కంపెనీ అనుమతి కావాలట. సాయంత్రం కంప్యూటరుని మర్యాదగా ఆపితే, ఆగబోయే ముందు అదే మారిపోతుంది. అందుకని అక్కయ్య గోడకున్న ప్లగ్గు పీకేసి, దణ్ణం పెట్టినంత శ్రద్ధగా కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఇంటికెళ్లేది.

కొత్త ప్రోగ్రాంలో సంగతేమిటంటే, పాత మోడలు మిషన్లను అది గుర్తే పట్టదు. కొత్త మోడళ్లకు చందా. ఒక్కో చెవికి నెలకింత. రెండు చెవులూ ఉన్నవాళ్లకి "కుటుంబ పథకం". నలుగురు మాట్లాడుతుండగా ఒకరి మాట వినాలంటే "బంగారు పథకం". తమ్ముడు ఇదంతా కంపెనీ కాగితం చూసి చదివితే అక్కయ్య ఓపిగ్గా విని, "మరి నిశ్శబ్దానికి ఎంతట?" అని అడిగింది.

పాత ప్రోగ్రాం కొన్నప్పుడు ఇచ్చిన కాగితం మీద "జీవితాంతం చెల్లుతుంది" అని స్పష్టంగా ఉంది. అది చెప్పడానికి అక్కయ్య పదకొండుసార్లు ఫోన్ చేసింది. మేం వింటున్నాం, మేం వింటున్నాం అని ఫోను చెప్తూనే ఉంది కానీ మనిషి ఎవరూ వినలేదు. పన్నెండోసారి ఒకమ్మాయి దొరికి, జీవితాంతం అంటే ఎవరి జీవితం అన్నది ఇంకా తేలలేదనీ, అంతవరకూ పాతది వాడుకుంటే అడ్డు చెప్పలేమనీ, మారమని అడుగుతూ మాత్రం ఉంటామనీ చెప్పింది. అడుగుతూనే ఉన్నారు, అరగంటకోసారి.

తమ్ముడు భయస్థుడు. ఎడమ చెవి చిన్నప్పటినుంచీ మందం. ఆ చెవికి కొత్త మోడలే పెట్టుకుంటాడు, వచ్చినవాళ్లందరికీ తల తిప్పి చూపిస్తాడు. "మొదటి రెండు వారాలు చిరాగ్గా ఉంటుందండీ. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. నాకూ అంతే. ఓపిక పట్టండి, తర్వాత చూడండి ఎంత బాగుంటుందో" అంటాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మూడేళ్ల కిందట ఆ రెండు వారాలూ అతను పడ్డ అవస్థ అతనికే తెలుసు. నలుగురిలో కూర్చోవడం మానేశాడు, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేవాడు. ఒకరోజు అక్కయ్య శుభ్రం చేసిస్తానని మిషను తీసుకుని, అరగంటలో తిరిగిచ్చింది. అప్పట్నుంచి చక్కగా కుదిరిపోయింది.

ఇప్పుడు కంపెనీ ఉత్తరం రాసింది. గురువారం సాయంత్రం అయిదింటికల్లా షాపులోని ప్రతి కంప్యూటరూ మారాలి, మారకపోతే ఏజెన్సీ రద్దు. ఉత్తరానికి "మీతో మా అనుబంధం" అని పేరు పెట్టారు. అది చదివిన దగ్గర్నుంచి తమ్ముడికి ముద్ద దిగలేదు. ఇరవై రెండేళ్ల షాపు, మరో బతుకుతెరువు తెలియదు. ఆ పాత డబ్బా కోసం అంతా పోగొట్టుకోవాలా? ఎవరో ఒకరిద్దరు పాత మోడళ్లవాళ్లు మిగిలి ఉంటారు, అంతే కదా?

"అక్కయ్యా, ఎందుకే ఈ పంతం? ఒక్క కారణం చెప్పు."

"తర్వాత చెప్తాను" అంది అక్కయ్య. నాలుగేళ్లుగా అదే జవాబు.

గురువారం రానే వచ్చింది. దాంతోపాటు అక్కయ్య పన్ను కూడా తిరగబడింది. ఆ పన్ను ఆర్నెల్లుగా సలుపుతుంటే దానికీ తర్వాత, తర్వాత అనే చెప్పింది. ఈసారి పన్ను వినలేదు. దవడ పొంగిపోయింది. పళ్ల డాక్టరు మూడింటికి రమ్మన్నాడు, రెండు గంటలు కుర్చీలోంచి కదలకూడదన్నాడు. ఇరవై ఐదు నిమిషాల ముక్కలుగా చెయ్యడం కుదరదా అని అక్కయ్య నిజంగానే అడిగింది. డాక్టరు ఇన్నేళ్ల వృత్తిలో ఆ ప్రశ్న వినలేదట.

అక్కయ్య టైమరు తీసి తమ్ముడి మెళ్లో వేసింది. ఏడాది పిల్లను ఇరుగుపొరుగుకు అప్పగించి ఊరెళ్లే తల్లిలా గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగింది. "మర్చిపోకురా" అంది, పొంగిన దవడతో.

తమ్ముడు తలూపాడు. నొక్కకూడదని అప్పటికే నిశ్చయించుకున్నాడు.

అనుకోవడం తేలికే. కంప్యూటరు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే, మెళ్లో టైమరు గుండె మీద పడి టిక్కుటిక్కుమంటోంది, రెండింట్లో ఏది ఏదో తెలియడం లేదు. ఇది ద్రోహమా అంటే ద్రోహమే. కాదా అంటే ఇద్దరి అన్నానికి సంబంధించిన విషయం. మూడుంబావుకి టైమరు గర్రుమంది. అతను చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. తెర మీద పూలగుత్తి విచ్చుకుంది: "ఇంకో అయిదు నిమిషాల్లో మీ ఆనందం మొదలవుతుంది." కింద అంకెలు తగ్గడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ఒంటిగంటకి రమ్మన్నారనీ, బస్సు దొరక్క ఆలస్యమైందనీ బస్సంత గొంతుతో చెప్పాడు. ఒంటిగంటకి తమ్ముడు రోజూ ఇంటికెళ్లి భోంచేసి కాసేపు నడుం వాలుస్తాడు. ఆ వేళకి అక్కయ్య ఎవర్ని రమ్మంటున్నట్టు?

"మేడమ్ లేరా బాబూ? వారం నుంచి మా ఆవిడ గొంతు ఒక్కటే వినపడట్లేదు. మిగతావన్నీ వినపడుతున్నాయి. ఆవిడేమో నేను కావాలనే చేస్తున్నానంటోంది."

తమ్ముడు వంగి ఆయన చెవికున్న మిషను చూశాడు. పాత మోడలు. అలవాటుకొద్దీ కొత్త మోడలు గురించి, రెండు వారాల ఓపిక గురించి మొదలుపెట్టాడు. పెద్దాయన చెయ్యి ఊపేశాడు. అది ఆర్నెల్లు పెట్టుకుని చూశాననీ, తలనొప్పి తప్ప ఏమీ వినపడలేదనీ, మేడమే పాతదాన్ని మళ్లీ బతికించి ఇచ్చిందనీ చెప్పాడు. "మీకు శ్రమ ఎందుకు, రెండో సొరుగులో ఆకుపచ్చ పుస్తకం ఉంటుంది. నా పేజీ చూసి ఆ అంకెలు కొట్టండి చాలు."

మూడు నిమిషాలు మిగిలాయి. తమ్ముడు సొరుగు లాగాడు. పుస్తకంలో అక్కయ్య గుండ్రటి అక్షరాలు, పేజీకొక మనిషి. బస్సు డ్రైవరు గారు: భార్యది సన్నగొంతు, పై శబ్దాలు రెండు మెట్లు పెంచాలి, హారన్లు తగ్గించాలి, పాపం జీవితమంతా విన్నాడు. లైబ్రరీ ఆవిడ: పేజీ తిప్పిన చప్పుడు కావాలంటుంది. రేవులో పనిచేసే అతను: గాలి హోరు పోవాలి, పిల్లవాడి ఏడుపు పోకూడదు. ఇలా పద్దెనిమిది మంది. కొత్తది పడనివాళ్లు, చెవికింతని చందా కట్టలేనివాళ్లు. వీళ్లలో సగం మందికి ఓపిక పట్టమని చెప్పి పంపింది తనే. చెంప మీద కొట్టినట్టయింది తమ్ముడికి.

పంతొమ్మిదో పేజీ కూడా ఉంది.

"తమ్ముడు. ఎడమ చెవి. కొత్తది పడలేదు. అడిగితే బాగుందంటాడు. మనుషుల్లో కూర్చోవడం మానేశాడు. వాడి పాత మిషనే కొత్తదాని పైడొప్పలో అమర్చాను. షాపువాడు కదా, తెలిస్తే సిగ్గుపడతాడు. చెప్పొద్దు."

తమ్ముడు చెవిలోది తీసి బ్యాటరీ మూత విప్పాడు. లోపల నంబరు పాతది. మూడేళ్లుగా ఊరందరికీ తల తిప్పి చూపించింది పై డొప్పని.

మిషను చేతిలో ఉండటంతో ఆ చెవిన అంతా మూగబోయింది. తెర మీద అంకెలు మాత్రం కదులుతున్నాయి. పెద్దాయన భుజం తడుతూ ఏదో అంటున్నాడు. పన్నెండు, పదకొండు. తమ్ముడు స్టూలు తన్నేసుకుంటూ లేచి, మౌసు బాణంతో ఒకసారి గురి తప్పి, రెండోసారి మీటని పట్టుకుని, నాలుగు సెకండ్లుండగా "తర్వాత" నొక్కాడు. అప్పుడు గోడకి ఆనుకుని మిషను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. టైమరు తిప్పుకోవడం కూడా మర్చిపోలేదు.

డ్రైవరుగారు అంకెలు కొట్టించుకుని, ఇంటికి ఫోన్ చేసి భార్య గొంతు విని, "తిడుతోంది, బ్రహ్మాండంగా వినపడుతోంది" అని సంతోషంగా వెళ్లిపోయాడు.

నాలుగున్నరకి కంపెనీ మనిషి వచ్చాడు. మెళ్లో బిళ్ల మీద "వినియోగదారుల ఆనంద అధికారి" అని ఉంది. గోళ్లన్నీ కొరికేసి ఉన్నాయి. తన కింద నలభై షాపులున్నాయనీ, అన్నీ నూటికి నూరు అయితే తప్ప తన ఉద్యోగం ఉండదనీ కూర్చోకముందే చెప్పేశాడు. లోపలి గదిలోకి తొంగి చూసి, నాలుగో కంప్యూటరు కనపడగానే పాలిపోయాడు.

తమ్ముడు ఆకుపచ్చ పుస్తకం అట్టలో దొరికిన, ఆ కంప్యూటరు కొన్నప్పటి బిల్లు తీసి అతని ముందు పెట్టాడు. బిల్లు అక్కయ్య పేరున ఉంది, ప్రోగ్రాం కూడా.

"అది షాపుది కాదండీ. మా అక్కయ్య సొంతం. షాపువి మూడే."

అధికారి బిల్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే మూడుకి మూడు అయినట్టేనా?"

"మూడుకి మూడే."

అధికారి ముఖంలోకి రక్తం వచ్చింది. గబగబా జాబితాలో నాలుగోదాన్ని కొట్టేసి నూటికి నూరు వేసుకున్నాడు. పోతూ పోతూ, సొంతంగా వాడుతున్నారు కదా, కొత్త మోడలు మీద ఒక మాట చెప్పమన్నాడు. తమ్ముడు ఇంక దాచదల్చుకోలేదు. రెండు వారాలు నరకం చూశాననీ, చెవికి పడక తీసేశాననీ, మా అక్కయ్య పాతదే సర్ది ఇచ్చాక అద్భుతంగా వినపడుతోందనీ చెప్పాడు. అధికారి శ్రద్ధగా రాసుకున్నాడు. తమ్ముడు వంగి చూస్తే కాగితం మీద "అద్భుతం" అని ఒక్క మాటే ఉంది.

అయిదుంబావుకి అక్కయ్య వచ్చింది. మూతి మొద్దుబారి ఒక పక్కకి వాలిపోయింది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి వెళ్లి, పాత తెర చూసి, కుర్చీలో కూలబడింది.

"నొక్కావా?"

"నొక్కాను."

"కంపెనీ వాడు?"

"పోయాడు, సంతోషంగా."

అక్కయ్య అతని ముఖంలోకి చూసింది. కాస్త తెరుచుకుని ఉన్న రెండో సొరుగుని చూసింది. మళ్లీ అతని ఎడమ చెవిని చూసింది. మొద్దుబారిన మూతితో నెమ్మదిగా అడిగింది, "ఒరేయ్, సొరుగు తీశావా?"

"తర్వాత చెప్తాను" అన్నాడు తమ్ముడు.

టైమరు గర్రుమంది. అలవాటుగా అక్కయ్య చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది, అక్కడేమీ లేదు. "నువ్వు కూర్చో అక్కయ్యా" అని తమ్ముడు లేచి వెళ్లాడు.