రాని పిచ్చికి తాయెత్తు

మా చిన్నాయనకు కాలేజీ వయసులోనే మతి చెడింది. మా తమ్ముడిది అచ్చం ఆయన పోలికే. అదే ముక్కు, అదే నవ్వు, అన్నం ముందు పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చునే అదే అలవాటు. దాంతో మా అవ్వకు గుబులు పట్టుకుంది. వాడు పదో తరగతి దాటగానే పూతలపట్టు తీసుకుపోయి రెట్టకు తాయెత్తు కట్టించింది. మతి చెడినవాళ్లకు కట్టే తాయెత్తు అది. ముందే కట్టేస్తే రాదని ఆమె నమ్మకం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! పొట్టి చేతుల చొక్కా కింద నల్లతాడు కనబడగానే, వీడికీ మొదలైందని ఊరంతా అనుకుంది.

ఆ తర్వాత ఇంట్లో కాపలా. రాత్రి నిద్ర పట్టిందా అని తెల్లారగానే అమ్మ అడిగేది. గట్టిగా నవ్వితే నాయన తలెత్తి చూసేవాడు, నవ్వకపోయినా చూసేవాడు. మోటారు వేయడానికి బావి దగ్గరికి ఒంటరిగా పంపేవాళ్లు కాదు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. ఒక ఆదివారం తమ్ముడు నాకోసం ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చాడు. వసారాలో నా స్నేహితురాళ్లు వాదించుకుంటున్నారు. ఫలానావాడికి మతి చెడుతుందని ముందే కనిపెట్టే పరీక్ష వస్తే చేయించుకోవాలా, వద్దా? తెలిస్తే జాగ్రత్త పడొచ్చని ఒకామె. తెలిసి ఏడవడం తప్ప చేసేదేముందని ఇంకొకామె. చెబితే మనకే చెప్పాలి గానీ ఇంట్లోవాళ్లకు చెప్పకూడదని మూడో ఆమె. చెనక్కాయలు ఒలుచుకుంటూ, నువ్వేమంటావని వాణ్ణి కూడా అడిగారు.

వాడు చొక్కా చేతిని కిందికి లాక్కున్నాడు. "మా ఇంట్లో ఆ పరీక్ష ఎప్పుడో చేసేసినారక్కా," అన్నాడు.

బస్టాండుకు నడుస్తూ, ఆ తాయెత్తు తెంపి పారెయ్యమన్నాను. తెంపితే అదే మొదటి గుర్తనుకుంటారని చెప్పాడు. నిజమే మరి.

వాడికి ముప్పై దగ్గరపడింది. ఆ జబ్బు రాలేదు. రాకపోవడం తాయెత్తు మహిమేనన్నారు. ఎవరూ పిల్లనివ్వలేదు, ఎవరూ పనికి పిలవలేదు. ఒక సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"వచ్చేసింటే బాగుండు కదక్కా. ఈ ఎదురుసూసేదన్నా తప్పిండేది."

నాకు ఏడుపొచ్చింది. నేను వాడి పక్కనున్నట్టు లోపల అమ్మకు తెలియదు. వాడు ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి రమ్మని నాయనను పంపింది.